కాంటా సాఫ్ట్‌వేర్‌ని ఫైర్‌వాల్ గుర్తుపట్టడం లేదు, "అన్‌నోన్-టీసీపీ" అంటోంది. ఏం చేయాలి?

కాంటారూమ్ | మిర్యాలగూడ | సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. మాది రైస్ మిల్లు. ఇక్కడ కంప్యూటర్లు, కెమెరాలు, ప్రింటర్లు అన్నీ నేనే చూసుకుంటాను. గేటు దగ్గర కాంటా గది, లోపల ఆఫీసులో సర్వర్. ఇన్నాళ్లూ మధ్యలో మామూలు స్విచ్ ఒక్కటే ఉండేది. పోయిన వారం కొత్త ఫైర్‌వాల్ (నెట్‌వర్క్‌లో ఏది పోవచ్చో, ఏది ఆగాలో రూల్స్ చూసి తేల్చే పెట్టె) పెట్టించారు. పెట్టినవాళ్లు కాంటా గదిని ఒక జోన్, ఆఫీసును ఇంకో జోన్ చేసి, పోర్టుల (కనెక్షన్ పోయే నంబరు గుమ్మాల) లెక్కన కాకుండా అప్లికేషన్ల లెక్కన రూల్స్ రాసి వెళ్లిపోయారు. ఫోన్ చేస్తే "మీ సాఫ్ట్‌వేర్ సంగతి మాకు తెలియదు" అంటున్నారు.

కాంటా సాఫ్ట్‌వేర్ మా మిల్లు కోసమే ఒకాయన రాసిచ్చింది, బయట ఎక్కడా దొరకదు. లారీ కాంటా ఎక్కగానే ఇండికేటర్ నుంచి బరువు సీరియల్ కేబుల్ మీద గదిలో ఉన్న కంప్యూటర్‌కి వస్తుంది. అక్కడి నుంచి టీసీపీ (ముందు కనెక్షన్ కుదుర్చుకుని డేటా పంపే పద్ధతి) పోర్టు 7070 మీద సర్వర్‌కి పోతుంది. సర్వర్ చీటీ నంబరు ఇస్తే ప్రింటర్ తూకం చీటీ కొడుతుంది. ఇప్పుడేమో కనెక్ట్ అవుతోంది, వెంటనే తెగిపోతోంది. లాగ్‌లో అప్లికేషన్ కాలమ్‌లో ఎక్కువగా "అన్‌నోన్-టీసీపీ", అక్కడక్కడ "ఇన్‌కంప్లీట్" అని ఉంటోంది.

యాసంగి వడ్లు దిగుతున్నాయి. లారీలు బైపాస్ దాకా ఆగి ఉన్నాయి. గుమస్తా చేత్తో చీటీలు రాస్తున్నాడు. మా సేటుకు టెన్షన్, నాకు అంతకు రెండింతలు.

పాలమూరు_పోర్టు | మహబూబ్‌నగర్ | రాత్రి 9:20

పరేషాన్ కాకు తమ్ముడూ. 7070కి ఒక రూల్ రాసి అప్లికేషన్ దగ్గర "ఎనీ" పెట్టెయ్. అయిదు నిమిషాల పని. పొద్దున లారీలు కదులుతాయి.

నల్లగొండ_నెట్ | నల్లగొండ | రాత్రి 9:41

పాలమూరు అన్న చెప్పింది ఈ రాత్రికి పనికొస్తుంది. కానీ "ఎనీ" అని మొత్తం తెరవకండి. రూల్‌లో సోర్సు కాంటా గది కంప్యూటర్ ఒక్క ఐపీ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా), డెస్టినేషన్ సర్వర్ ఒక్క ఐపీ, సర్వీస్ టీసీపీ 7070 పెట్టండి. దానికి ఒక షెడ్యూల్ కూడా తగిలించండి, వారం తర్వాత దానంతట అదే ఆగిపోయేలా. లేకపోతే "తాత్కాలికం" అని రాసిన రూలు ఇంకో పదేళ్లు అలాగే ఉంటుంది. అలాంటివి ఈ జిల్లాలో చాలా చూశాను.

లాగ్‌లో ఈ పేర్లు ఉన్నాయంటే మీది పాలో ఆల్టో కంపెనీ ఫైర్‌వాల్ పెట్టె అయి ఉంటుంది. ఆ పేర్లకు అర్థం తెలిస్తే సగం పని అయినట్టే.

"ఇన్‌కంప్లీట్" అంటే టీసీపీ హ్యాండ్‌షేక్ (కనెక్షన్ కుదుర్చుకోవడానికి రెండు వైపులా జరిగే పలకరింపు) పూర్తి కాలేదు, లేదా పూర్తయినా ఆ తర్వాత డేటా ఏమీ రాలేదు. అప్లికేషన్‌ను గుర్తుపట్టడానికి ఫైర్‌వాల్ చేతికి ఏమీ అందలేదన్న మాట. అది సిగ్నేచర్‌తో (డేటాలో అప్లికేషన్‌ను గుర్తుపట్టే ఆనవాలుతో) తీరే సమస్య కాదు. సర్వర్‌లో ఆ ప్రోగ్రామ్ నడుస్తోందా, వెళ్లిన దారిలోనే జవాబు తిరిగొస్తోందా చూడాలి. "ఇన్‌సఫీషియంట్-డేటా" అంటే డేటా కొంచెం వచ్చింది గానీ తేల్చుకోవడానికి సరిపోలేదు. "అన్‌నోన్-టీసీపీ" అంటే హ్యాండ్‌షేక్ అయింది, డేటా వచ్చింది, తన దగ్గరున్న ఏ సిగ్నేచర్‌తోనూ కలవలేదు. "నాట్-అప్లికబుల్" అని కూడా కనబడవచ్చు. ఆ పోర్టును ఏ రూలూ అనుమతించలేదు కాబట్టి అప్లికేషన్ దాకా పోకుండానే పడేసింది అని.

మీ కనెక్షన్ కుదిరి తెగిపోవడానికి కారణం ఇదే. అప్లికేషన్ ఏదో తేలేదాకా మొదటి కొన్ని ప్యాకెట్లను (డేటా ముక్కలను) పెట్టె పోనిస్తుంది. తేలాక రూల్స్ మళ్లీ చూస్తుంది. "అన్‌నోన్"ని అనుమతించే రూల్ లేదు కాబట్టి ఆపేస్తుంది. లాగ్‌లో సెషన్ ఎండ్ రీజన్ (ఆ కనెక్షన్ ఎందుకు ముగిసింది) కాలమ్ చూడండి, "పాలసీ-డినై" (రూల్ ఒప్పుకోలేదు) అని ఉండాలి.

కాంటారూమ్ | రాత్రి 10:05

అవును అన్నా, పాలసీ-డినై అనే ఉంది. "ఇన్‌కంప్లీట్" వరుసలన్నీ రాత్రి సర్వర్ ఆపి ఉన్నప్పటివి, ఇప్పుడు అర్థమైంది. మీరు చెప్పినట్టు రెండు ఐపీల మధ్య రూల్ రాశాను, షెడ్యూల్ పెట్టాను. చీటీ వచ్చింది! పొద్దున దాకా బతికాం.

హుజూర్‌నగర్_లారీ | హుజూర్‌నగర్ | రాత్రి 10:11

అన్నా, మిర్యాలగూడలో సన్న వడ్లకు రేటు ఎట్లున్నది? తరుగు ఎంత తీస్తున్నరు?

మోడరేటర్ | రాత్రి 10:15

రేట్ల గురించి "మార్కెట్" విభాగంలో అడగండి. ఇక్కడ ఫైర్‌వాల్ మాటలే.

పాలమూరు_పోర్టు | రాత్రి 10:22

ఇంకేం, పని అయిపోయింది కదా. షెడ్యూల్ తీసెయ్, రూల్ అట్లనే ఉంచు. ఇద్దరి మధ్య ఒక్క పోర్టు తెరిస్తే కొంపలు మునగవు.

జడ్చర్ల_ప్యాకెట్ | జడ్చర్ల | రాత్రి 10:50

అన్నా, కాంటా గది కంప్యూటర్ ఎలాంటిదో ఒకసారి ఆలోచించండి. డ్రైవర్లు ఫోన్ చార్జింగ్ పెట్టేది దానికే, పెన్‌డ్రైవ్‌లో పాటలు ఎక్కించుకునేదీ దాంట్లోనే. దానికి ఏదైనా సోకితే ఆఫీసు సర్వర్‌కి పోవడానికి మీరు తెరిచిన దారి సిద్ధంగా ఉంటుంది. 7070 మీద ఏ ప్రోటోకాల్ వెళ్లినా ఆ రూల్ అడగదు. జోన్లు విడగొట్టింది దేనికి మరి?

నేను ఇక్కడ మందుల ఫ్యాక్టరీలో నెట్‌వర్క్ చూస్తాను. ఆడిట్‌కి వచ్చినవాళ్లు మొదట అడిగేది "ఈ అన్‌నోన్ ట్రాఫిక్ ఏమిటి?" అనే. పోర్టు నంబరు చెబితే ఊరుకోరు.

కాంటారూమ్, మీ పనికి మూడు దారులు ఉన్నాయి. ఒకటి పోర్టు రూల్, ఇప్పుడు చేసింది. రెండోది అప్లికేషన్ ఓవర్‌రైడ్. "ఈ ఐపీల మధ్య ఈ పోర్టు మీద వచ్చేదంతా కాంటా-యాప్ అనుకో" అని మనమే చెప్పేస్తాం. లాగ్‌లో పేరు బాగా కనిపిస్తుంది, కానీ ఆ ట్రాఫిక్ లోపలికి ఫైర్‌వాల్ ఇక చూడదు, వైరస్ తనిఖీ కూడా జరగదు. కొంతమంది దీన్నే పరిష్కారం అనుకుని సంబరపడతారు. నా దృష్టిలో ఇది పోర్టు రూలుకు కొత్త బోర్డు కట్టడం, అంతే. మూడోది సిగ్నేచర్‌తో కస్టమ్ అప్లికేషన్. డేటాలో ఎప్పుడూ మారని బైట్లు వెతికి, అవి కనిపిస్తేనే "ఇది కాంటా-యాప్" అని చెప్పించడం. తనిఖీ కూడా కొనసాగుతుంది. చేయాల్సింది మూడోదే.

నల్లగొండ_నెట్ | రాత్రి 11:02

అక్క మాటే నా మాట. దానికి ముందు ప్యాకెట్ క్యాప్చర్ కావాలి, అంటే పోయే డేటాను ఉన్నదున్నట్టు పట్టి దాచుకోవడం. తను గుర్తుపట్టని సెషన్లకు ఈ పెట్టె మామూలుగా తనంతట తానే చిన్న క్యాప్చర్ తీసి పెడుతుంది. ట్రాఫిక్ లాగ్‌లో వరుస పక్కన చిన్న బాణం గుర్తు ఉంటే నొక్కండి. లేకపోతే సర్వర్‌లోనే వైర్‌షార్క్ (ప్యాకెట్లు పట్టి చూపించే సాఫ్ట్‌వేర్) పెట్టి 7070 మీద ఫిల్టర్ వేసి పట్టుకోండి, అది ఇంకా తేలిక. ఒకే లారీ సరిపోదు. నాలుగైదు లారీలవి, లోడు తూకం, ఖాళీ తూకం రెండూ ఉండేలా తీయండి. ప్రోగ్రామ్ మూసి మళ్లీ తెరిచినప్పుడు ఏం జరుగుతుందో కూడా పట్టండి. మొదటి పలకరింపు అప్పుడే దొరుకుతుంది.

ఒక చిక్కు ఉంది. పొద్దున తెరిచిన కనెక్షన్ సాయంత్రం దాకా అలాగే ఉంటే, ట్రాఫిక్ లాగ్‌లో ఆ వరుస రాదు. మామూలుగా సెషన్ ముగిశాకే లాగ్ పడుతుంది. నడుస్తున్నవి సెషన్ బ్రౌజర్‌లో వెతకాలి.

మోడరేటర్ | రాత్రి 11:06

క్యాప్చర్ ఫైలు ఇక్కడ అప్‌లోడ్ చేయవద్దు. లారీ నంబర్లు, రైతుల ఫోన్ నంబర్లు దాంట్లో ఉంటాయి. అవసరమైన బైట్లు మాత్రమే రాయండి.

కాంటారూమ్ | మంగళవారం మధ్యాహ్నం 1:30

వైర్‌షార్క్‌లో "ఫాలో టీసీపీ స్ట్రీమ్" చూశాను. రైతు పేరు, ఫోన్ నంబరు అన్నీ మామూలు అక్షరాల్లోనే పోతున్నాయి! ఎన్‌క్రిప్షన్ ఏమీ లేదు.

కనెక్ట్ కాగానే ముందు సర్వరే మాట్లాడుతోంది (బైట్లు హెక్స్‌లో, అంటే పదహారు ఆధారంగా ఉండే లెక్కలో రాస్తున్నాను):

సర్వర్ నుంచి: 57 45 49 47 48 53 52 56 20 32 31

తర్వాత ప్రతి లారీకి కాంటా గది నుంచి ఇలా మొదలవుతోంది:

మొదటి లారీ: 02 57 42 00 38 54 53 30 35
రెండో లారీ: 02 57 42 00 41 54 53 30 35
మూడో లారీ: 02 57 42 00 39 54 53 30 35

ఐదో బైట్ మారుతోంది, మిగతావన్నీ ఒకటే. చివరి నాలుగు బైట్లు 54 53 30 35 అన్నిట్లోనూ ఉన్నాయి, వాటిని సిగ్నేచర్‌గా తీసుకోనా?

సీరియల్_కేబుల్ | సూర్యాపేట | మధ్యాహ్నం 1:48

నవ్వు ఆగడం లేదు, ఏమీ అనుకోకండి. 54 53 30 35 అంటే "టీఎస్ 05". నల్లగొండ రిజిస్ట్రేషన్! మీకు దొరికిన మూడు లారీలూ మీ జిల్లావే. ఆంధ్ర లారీ కాంటా ఎక్కగానే మీ ఫైర్‌వాల్ ఆపేస్తుంది. 2024 నుంచి కొత్త బండ్లకు టీజీ కాబట్టి అవీ ఆగుతాయి.

నేనూ కాంటాలకు సాఫ్ట్‌వేర్ రాస్తాను (మీది నాది కాదు). మిగతాది చదివి చెబుతా. 02 అనేది మెసేజ్ మొదలైందని చెప్పే గుర్తు. సీరియల్ పరికరాలతో పని చేసినవాళ్లకు చేయి అలవాటు. 57 42 అంటే "డబ్ల్యూబీ", వేబ్రిడ్జ్‌కి పొట్టి పేరు. 00 38, 00 41, 00 39 అనేవి మెసేజ్ పొడవు. 38 అంటే మన లెక్కలో 56 బైట్లు, 41 అంటే 65, 39 అంటే 57. పేరు పొడుగ్గా ఉన్న రైతు వస్తే అది పెరుగుతుంది. కాబట్టి అక్కడ నిజంగా మారనివి మొదటి మూడు బైట్లే. పొడవులో ముందున్న 00 కూడా మెసేజ్ 255 బైట్లు దాటితే మారిపోతుంది.

జడ్చర్ల_ప్యాకెట్ | మధ్యాహ్నం 2:10

మూడు బైట్లతో పాలో ఆల్టోలో సిగ్నేచర్ కుదరదు. ప్యాటర్న్‌లో మారని భాగం కనీసం 7 బైట్లు ఉండాలి. అది చాదస్తం కాదు. మూడు బైట్లు ఏ ఫోటో ఫైల్లోనైనా కాకతాళీయంగా తగులుతాయి.

కానీ మీ అదృష్టం, సర్వర్ పలకరింపు చూడండి. 57 45 49 47 48 53 52 56, ఎనిమిది బైట్లు. అక్షరాల్లో "వెయ్‌సర్వ్" అని వస్తుంది. తర్వాత 20 అంటే ఖాళీ, 32 31 అంటే "21", వెర్షన్ నంబరు అయి ఉంటుంది. ఎనిమిది బైట్ల దగ్గరే ఆగండి. వెర్షన్ కూడా కలుపుకుంటే ఆయన "22" ఇచ్చిన రోజు మళ్లీ లారీలు బైపాస్ మీదే.

సర్వర్ ముందు మాట్లాడటం ఇంకా మంచిది. మొదటి డేటా ప్యాకెట్‌లోనే పెట్టెకు ఆనవాలు దొరుకుతుంది.

ఇక చేయాల్సింది: ఆబ్జెక్ట్స్‌లో అప్లికేషన్స్ తెరిచి కొత్తది చేర్చండి. డిఫాల్ట్ పోర్టు టీసీపీ 7070. సిగ్నేచర్ ట్యాబ్‌లో కాంటెక్స్ట్ "అన్‌నోన్-ఆర్‌ఎస్‌పీ-టీసీపీ-పేలోడ్", అంటే సర్వర్ జవాబులో వెతకమని. ప్యాటర్న్‌లో ఆ ఎనిమిది బైట్లు. స్కానింగ్ ఆప్షన్లు టిక్ చేయడం మరవకండి. తర్వాత సెక్యూరిటీ రూల్‌లో అవే రెండు ఐపీలు ఉంచి, అప్లికేషన్ దగ్గర ఇది, సర్వీస్ దగ్గర "అప్లికేషన్-డిఫాల్ట్". కమిట్ చేశాక (మార్పులు అమల్లోకి తెచ్చాక) పాత సెషన్‌ను క్లియర్ చేయండి. పాత కనెక్షన్‌కి పాత పేరే అంటుకుని ఉంటుంది, సిగ్నేచర్ పని చేయడం లేదని కంగారు పడతారు.

వనపర్తి_లైనక్స్ | వనపర్తి | మధ్యాహ్నం 3:05

డబ్బున్న మిల్లులకు పాలో ఆల్టో. మా కాలేజీ ల్యాబ్‌లో పీఎఫ్‌సెన్స్ (ఉచిత ఫైర్‌వాల్) మీద స్నార్ట్ (చొరబాట్లు పట్టే సాఫ్ట్‌వేర్) నడుపుతున్నాం, దాంట్లో అప్లికేషన్లను గుర్తుపట్టే ఓపెన్‌యాప్‌ఐడీ ఉంది. సిస్కో వాళ్లు 2014లో బయటపెట్టారు. డిటెక్టర్లు లువా భాషలో మనమే రాసుకోవచ్చు. ఎన్‌డీపీఐ (ట్రాఫిక్ ఏ అప్లికేషన్‌దో చెప్పే ఉచిత సాఫ్ట్‌వేర్) అయితే ఇంకా తేలిక. ఒక టెక్స్ట్ ఫైల్లో ప్రోటోకాల్, పోర్టు, పేరు ఒక వరుసలో రాస్తే చాలు. ఐపీతోనూ, హోస్ట్ పేరుతోనూ కూడా చెప్పవచ్చు.

నల్లగొండ_నెట్ | మధ్యాహ్నం 3:20

తమ్ముడూ, ఎన్‌డీపీఐ ఫైల్లో పోర్టు రాసి పేరు పెట్టడం అంటే మళ్లీ ఓవర్‌రైడ్ కథే కదా. రిపోర్టులు చూసుకోవడానికి బాగుంటుంది. అడ్డుకట్టకు కంటెంట్ చూసేది కావాలి. ఓపెన్‌యాప్‌ఐడీ లువా డిటెక్టర్ అయితే సరే.

ఫోర్టిగేట్ (ఇంకో రకం ఫైర్‌వాల్) వాడేవాళ్లకు ఒక మాట. అక్కడ కస్టమ్ సిగ్నేచర్‌ను ఒకే పొడుగాటి వరుసలో రాయాలి. పేరు, ప్రోటోకాల్, క్లయింట్ వైపా సర్వర్ వైపా, ప్యాటర్న్, ఏ వర్గం, అన్నీ దాంట్లోనే. తర్వాత అప్లికేషన్ కంట్రోల్ ప్రొఫైల్‌లో దాన్ని చేర్చి, ఆ ప్రొఫైల్‌ను పాలసీకి తగిలించాలి. సిగ్నేచర్ రాసి ప్రొఫైల్ తగిలించకుండా వదిలేసి "పనిచేయడం లేదు" అనేవాళ్లు వారానికి ఒకరు ఫోన్ చేస్తారు నాకు.

పాలమూరు_పోర్టు | సాయంత్రం 4:02

ఇంత తతంగం ఎందుకు? "అన్‌నోన్-టీసీపీ", "అన్‌నోన్-యూడీపీ" (యూడీపీ అంటే కనెక్షన్ కుదుర్చుకోకుండానే పంపే పద్ధతి) రెండింటినీ కాంటా జోన్ నుంచి అలో చేస్తే పోదా? ఆ జోన్‌లో ఉన్నదే ఒక కంప్యూటరు.

కాంటారూమ్ | సాయంత్రం 5:40

అన్నా, మీరు అడిగారని ఆ జోన్ లాగ్ మొత్తం తీసి చూశాను. కంప్యూటరు ఒక్కటే కాదు, గేటు కెమెరాల రికార్డర్ కూడా ఆ స్విచ్‌కే ఉంది. అది పగలూ రాత్రీ బయటి ఐపీలకు "అన్‌నోన్-యూడీపీ" పంపుతూనే ఉంది! ఫోన్‌లో కెమెరా చూసుకోవడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తాం కదా, ఆ సౌకర్యం కోసం అది బయటి సర్వర్‌తో ఎప్పుడూ మాట్లాడుతుందట. కెమెరాలు పెట్టినాయనే చెప్పారు. మీ రూల్ పెట్టి ఉంటే దానికీ గేటు తెరిచినట్టే.

పాలమూరు_పోర్టు | సాయంత్రం 5:52

ఇది మాత్రం ఒప్పుకోవాల్సిందే. ముందు ఆ రికార్డర్‌ను వేరే జోన్‌లో పడేయ్.

కాంటారూమ్ | బుధవారం ఉదయం 11:15

సిగ్నేచర్ పెట్టి కమిట్ చేశాను, పాత సెషన్ క్లియర్ చేశాను. లాగ్‌లో ఇప్పుడు "కాంటా-యాప్" అని పేరు పడుతోంది. షెడ్యూల్ పెట్టిన పాత రూల్‌ను డిజేబుల్ చేశాను. పొద్దుటి నుంచి ఒక్క చీటీ కూడా ఆగలేదు. జడ్చర్ల అక్కకు, నల్లగొండ అన్నకు, సూర్యాపేట అన్నకు మస్తు థ్యాంక్స్.

కాంటారూమ్ | బుధవారం మధ్యాహ్నం 3:25

అప్పుడే సంబరపడకూడదు అనిపిస్తోంది. హమాలీలు భోజనానికి పోయి, ఆ తర్వాత కూడా గేటు ఖాళీగానే ఉండి, తీరా మొదటి లారీ వచ్చేసరికి సాఫ్ట్‌వేర్ బిగుసుకుపోయింది. ఎదురు చూసి చూసి "సర్వర్ లేదు" అంది. మూసి తెరిస్తే బాగానే ఉంది. తర్వాతి లారీలన్నీ సాఫీగా పోయాయి. సిగ్నేచర్‌లో ఏమైనా తేడానా?

నల్లగొండ_నెట్ | మధ్యాహ్నం 3:40

సిగ్నేచర్ కాదు. ఆ సెషన్ ముగిసిన కారణం చూడండి. "ఏజ్డ్-అవుట్" అని ఉంటుంది.

కాంటారూమ్ | మధ్యాహ్నం 3:44

అదే ఉంది! ఎలా చెప్పారు?

నల్లగొండ_నెట్ | సాయంత్రం 4:10

మీ సాఫ్ట్‌వేర్ పొద్దున ఒక కనెక్షన్ తెరిచి సాయంత్రం దాకా దాన్నే వాడుకుంటోంది. పాలో ఆల్టోలో టీసీపీ సెషన్‌కు డిఫాల్ట్ టైమ్‌అవుట్ 3600 సెకన్లు. గంట పాటు అటూ ఇటూ ఒక్క ప్యాకెట్ కూడా పోకపోతే పెట్టె ఆ సెషన్‌ను తన పట్టికలోంచి తీసేస్తుంది. తీసేసిన సంగతి కాంటా కంప్యూటర్‌కు తెలియదు, సర్వర్‌కూ తెలియదు. ఇద్దరూ కనెక్షన్ ఉందనే అనుకుంటారు. గంటన్నర తర్వాత లారీ వచ్చి బరువు పంపితే, మొదలు లేని మధ్య ప్యాకెట్ కాబట్టి ఫైర్‌వాల్ చప్పుడు చేయకుండా పడేస్తుంది. మీ ప్రోగ్రామ్ మళ్లీ మళ్లీ పంపి, విసిగి, "సర్వర్ లేదు" అంటుంది. మామూలు స్విచ్ ఉన్నప్పుడు ఈ బాధ లేదు, స్విచ్‌కు సెషన్ పట్టిక ఉండదు.

టీసీపీ కీప్‌అలైవ్ (కనెక్షన్ ఇంకా ఉందా అని ఉత్తినే పలకరించే ప్యాకెట్) ఉంది కదా అంటారేమో. విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ దాని డిఫాల్ట్ రెండు గంటలు, 7200 సెకన్లు. అది కూడా ప్రోగ్రామ్ అడిగి ఆన్ చేయించుకుంటేనే. రెండు గంటలకు తక్కువ కాకూడదని 1989లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1122లోనే రాశారు. గంటకే మరిచిపోయే పెట్టె ముందు రెండు గంటలకు పలకరించే కీప్‌అలైవ్ ఏం పనికొస్తుంది?

మీరు చేసిన కస్టమ్ అప్లికేషన్‌లోనే టైమ్‌అవుట్ గడి ఉంది. అక్కడ టీసీపీ టైమ్‌అవుట్ 14400 పెట్టండి, నాలుగు గంటలు. మొత్తం పెట్టెకున్న టైమ్‌అవుట్‌ను మార్చకండి, ఇంటర్నెట్ సెషన్లన్నీ పట్టికలో పేరుకుపోతాయి. ఈ ఒక్క అప్లికేషన్‌కే మార్చుకోగలగడం పేరు పెట్టినందువల్ల వచ్చిన లాభమే. పోర్టు రూల్‌తోనే సరిపెట్టుకుని ఉంటే సర్వీస్ ఆబ్జెక్ట్‌లో వెతుక్కోవాల్సి వచ్చేది.

సీరియల్_కేబుల్ | సాయంత్రం 4:31

నాలుగు గంటలు పెట్టినా రాత్రి ఆపకుండా వదిలేస్తే తెల్లారి మొదటి లారీకి మళ్లీ అదే గొడవ. అసలు మందు ప్రోగ్రామ్‌లో ఉంది. రాసినాయన్ని రెండు అడగండి. ఒకటి, అయిదు నిమిషాలకోసారి సర్వర్‌కు చిన్న హార్ట్‌బీట్ మెసేజ్. రెండు, పంపింది పోకపోతే తనంతట తానే కనెక్షన్ మూసి మళ్లీ తెరవడం. ఒక పూట పని. చేసేటప్పుడే మెసేజ్ మొదట్లో ఉన్న 02 57 42 బదులు ఎనిమిది అక్షరాల మారని పదం ఏదైనా పెట్టమనండి. క్లయింట్ వైపు కూడా సిగ్నేచర్ దొరుకుతుంది. రైతుల ఫోన్ నంబర్లు అలా బాహాటంగా పోవడం గురించి కూడా గట్టిగా అడగండి. టీఎల్‌ఎస్ (దారిలో డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) పెట్టించుకోండి.

జడ్చర్ల_ప్యాకెట్ | సాయంత్రం 5:15

టీఎల్‌ఎస్ పెట్టిస్తే మంచిదే, కానీ ఆ రోజు మీ సిగ్నేచర్ పోతుంది. "వెయ్‌సర్వ్" అనే పదం ఎన్‌క్రిప్షన్ లోపలికి వెళ్లిపోతుంది, ఫైర్‌వాల్ "ఎస్‌ఎస్‌ఎల్" (టీఎల్‌ఎస్‌కు పాత పేరు) అని మాత్రమే అంటుంది. మా దగ్గర జరిగింది చెబుతాను.

బ్యాచ్ రికార్డుల కోసం మా సొంత అప్లికేషన్ ఒకటి ఉంది, 8443 మీద నడుస్తుంది. టీఎల్‌ఎస్ 1.2 ఉన్నప్పుడు సర్వర్ సర్టిఫికెట్ (సర్వర్ తన పేరు రుజువు చేసుకునే పత్రం) మామూలుగా కనిపించేది. దాంట్లోని పేరు మీద సిగ్నేచర్ రాశాం, హాయిగా నడిచింది. సర్వర్ వాళ్లు టీఎల్‌ఎస్ 1.3కి మార్చారు. ఒక్కసారిగా పేరు పోయి అంతా "ఎస్‌ఎస్‌ఎల్" అయిపోయింది. 1.3లో సర్టిఫికెట్ కూడా ఎన్‌క్రిప్ట్ అయి వస్తుంది, ఫైర్‌వాల్ చూడలేదు. ఇక మిగిలింది క్లయింట్ హలోలో (క్లయింట్ పంపే మొదటి పలకరింపులో) ఉండే ఎస్‌ఎన్‌ఐ, అంటే ఏ పేరున్న సర్వర్ కావాలో క్లయింట్ అడిగే చోటు. దాని మీద రాద్దామంటే అక్కడ ఏమీ లేదు! కారణం ఏమిటంటే మా క్లయింట్లలో సర్వర్‌ను ఐపీ నంబరుతో రాసి ఉంది. ఎస్‌ఎన్‌ఐలో హోస్ట్ పేరే ఉండాలి, ఐపీ నంబరు రాయడానికి ప్రమాణం ఒప్పుకోదు. లోపలి డీఎన్‌ఎస్‌లో (పేరు అడిగితే ఐపీ చెప్పే చోట) ఒక పేరు పెట్టి, క్లయింట్లన్నిట్లో ఐపీ తీసి ఆ పేరు రాయించాక గానీ దారికి రాలేదు. ఎస్‌ఎస్‌ఎల్‌ను పేరెంట్ అప్లికేషన్‌గా చూపించి, ఎస్‌ఎన్‌ఐ కాంటెక్స్ట్‌లో ఆ పేరు ఇచ్చాం.

కాబట్టి మీ డెవలపర్ టీఎల్‌ఎస్ పెట్టే ముందే చెప్పండి, కాన్ఫిగ్‌లో ఐపీ కాకుండా పేరు రాయమని.

వనపర్తి_లైనక్స్ | సాయంత్రం 5:40

జేఏ3 వాడొచ్చు కదా అక్కా? క్లయింట్ హలో ఆకారాన్ని బట్టి వేలిముద్ర తీస్తుంది. 2017 నుంచి ఉంది.

జడ్చర్ల_ప్యాకెట్ | సాయంత్రం 6:05

చూశాం. ఆ వేలిముద్ర అప్లికేషన్‌ది కాదు, అది వాడుకునే టీఎల్‌ఎస్ లైబ్రరీది. మా అప్లికేషన్ జావాలో ఉంది. అదే వెర్షన్ జావా వాడే ఇంకో ప్రోగ్రామ్‌కు కూడా అదే ముద్ర పడుతుంది. జావా అప్‌డేట్ చేస్తే మా ముద్ర మారిపోతుంది. పైగా 2023లో క్రోమ్ బ్రౌజర్ క్లయింట్ హలో లోపలి ఎక్స్‌టెన్షన్ల (అదనపు గడుల) వరుసను ప్రతిసారీ తారుమారు చేయడం మొదలుపెట్టాక బ్రౌజర్ల విషయంలో జేఏ3 చతికిలబడింది. అదే ఏడాది వచ్చిన జేఏ4 వాటిని వరుసలో పెట్టి లెక్కిస్తుంది, కాబట్టి కొంత నయం. అనుమానం ఉన్న మాల్‌వేర్‌ను వెతకడానికి బాగుంటాయి. అనుమతి ఇవ్వడానికి వాటి ఒక్కదాని మీదే ఆధారపడను.

పాలమూరు_పోర్టు | సాయంత్రం 6:20

లోపల చూడాలంటే డిక్రిప్షన్ పెట్టొచ్చు కదా. సర్వర్ మనదే, కీ మన దగ్గరే ఉంది.

జడ్చర్ల_ప్యాకెట్ | సాయంత్రం 6:34

పెట్టొచ్చన్నా. లోపలి సర్వర్లకు సర్టిఫికెట్, కీ రెండూ ఫైర్‌వాల్‌కు ఇచ్చి తనిఖీ చేయించే పద్ధతి ఉంది. అప్పుడు పాత "వెయ్‌సర్వ్" లాంటి ఆనవాలు కూడా మళ్లీ దొరుకుతుంది. చిన్న మోడళ్లకు బరువు ఎక్కువవుతుంది, కానీ కాంటా ట్రాఫిక్ ఎంతనీ? లారీకి వంద బైట్లు. దానికి ఏ పెట్టె అయినా సరిపోతుంది.

కాంటారూమ్ | గురువారం రాత్రి 8:50

టైమ్‌అవుట్ 14400 పెట్టాను. ఇవాళ మధ్యాహ్నం కావాలనే గంటన్నర పైగా ముట్టకుండా వదిలి లారీ ఎక్కించాం, చీటీ వెంటనే వచ్చింది. సాఫ్ట్‌వేర్ రాసినాయనతో మాట్లాడాను. హార్ట్‌బీట్, ఆటో కనెక్ట్ వచ్చే వారం ఇస్తామన్నారు. టీఎల్‌ఎస్ మాత్రం సీజన్ అయ్యాకే. సర్వర్‌కు డీఎన్‌ఎస్‌లో పేరు ఇప్పుడే పెట్టేశాను. కెమెరా రికార్డర్‌ను వేరే జోన్‌కు మార్చాను. ఫోన్‌లో కెమెరాలు రావడం లేదని మా సేటు అడుగుతున్నారు, ఆ సంగతి వేరే థ్రెడ్‌లో రాస్తాను.

ఇంకొక్కటి. వానాకాలం పంటకు వెనక గేటు దగ్గర రెండో కాంటా వేస్తామంటున్నారు. దానికి మళ్లీ కొత్త అప్లికేషన్ చేయాలా?

నల్లగొండ_నెట్ | రాత్రి 9:15

అదే సాఫ్ట్‌వేర్ అయితే అక్కర్లేదు. రెండు కాంటా కంప్యూటర్లనూ ఒక అడ్రస్ గ్రూప్‌లో పెట్టి, రూల్ సోర్సులో ఆ గ్రూప్ ఇవ్వండి. వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో వస్తే మళ్లీ క్యాప్చర్ తీయాల్సిందే. ఈసారి రెండు మూడు జిల్లాల లారీలు ఎక్కేదాకా ఆగి తీయండి.